పంచాయతీ ప్రచారానికి సర్కారు డబ్బు ఇస్తుందా? ఊరి చందాతో నడపొచ్చా?

అడిగినది క్లుప్తంగా ఇదీ. మహారాష్ట్రలో తెలంగాణ సరిహద్దున ఉన్న సిరోంచ తాలూకాలో 1,400 జనాభా ఉన్న గ్రామపంచాయతీ, ఏడుగురు సభ్యులు, సర్పంచ్ పదవి ఆదివాసీ మహిళకు రిజర్వు. బచత్ గట్ (మహిళల పొదుపు సంఘం) నడిపే ఒకామెను నిలబెట్టాలని యువక మండలి ఆలోచన. చేతిలో పైసలు లేవు, ఎదుటి వర్గానికి లోటు లేదు. ప్రచార ఖర్చు ప్రభుత్వం ఇస్తుందా? ఇవ్వకపోతే గ్రామసభ ఖాతాలో ఉన్న తునికాకు డబ్బు వాడొచ్చా? అదీ కుదరకపోతే ఇంటింటికీ చందా వేసుకోవచ్చా?

జవాబులు అదే వరసలో: ఇవ్వదు. వాడకూడదు. వేసుకోవచ్చు, అయితే ఆ డబ్బు ప్రతి రూపాయీ అభ్యర్థి ఖాతాలోంచే పోవాలి. పంచాయతీ ఎన్నికల్లో డబ్బు చాలక ఓడినవాళ్లు ఉంటారు, లెక్క చూపక గెలిచిన పదవి పోగొట్టుకున్నవాళ్లూ ఉంటారు. రెండోది పూర్తిగా మన చేతిలో ఉన్న సంగతి కాబట్టి దాని గురించే ఎక్కువ రాస్తున్నాను.

ముందు సర్కారు డబ్బు సంగతి. రాజ్యాంగంలోని 243కె అధికరణ ప్రకారం పంచాయతీ ఎన్నికలు నడిపేది రాష్ట్ర ఎన్నికల సంఘం. పోలింగ్ సిబ్బంది, యంత్రాలు, ఓటర్ల జాబితా తయారీ, బందోబస్తు, లెక్కింపు, ఈ ఖర్చంతా ప్రభుత్వానిదే. అభ్యర్థి కరపత్రానికీ మైకుకూ మాత్రం పైసా రాదు. ఇది మహారాష్ట్ర ఒక్కదాని పిసినారితనం కాదు, దేశమంతటా ఇంతే.

అయితే ఈ ఆలోచన ఎవరికీ రాలేదనుకోవద్దు. 1990లో దినేశ్ గోస్వామి కమిటీ అభ్యర్థులకు వాహనాల ఇంధనం, మైకు అద్దె, ఓటరు చీటీలు, జాబితా ప్రతుల వంటివి వస్తురూపంలో ఇవ్వాలంది. 1998లో ఇంద్రజిత్ గుప్తా కమిటీ కూడా సాయం చేయాల్సిందే, కానీ నగదుగా వద్దు, వస్తువులుగానే ఇవ్వండి అని చెప్పింది. మనకు అడ్డం పడేది అందులోని రెండో షరతు: గుర్తింపు పొందిన పార్టీలకు, వాటి అభ్యర్థులకే ఇవ్వాలి, స్వతంత్రులకు వద్దు. మహారాష్ట్రలో గ్రామపంచాయతీ ఎన్నిక పార్టీ గుర్తుల మీద జరగదు. అంటే ఆ సిఫారసు రేపు అమలైనా జిల్లా పరిషత్, పంచాయతీ సమితి అభ్యర్థులకు అందొచ్చేమో గానీ సర్పంచ్ అభ్యర్థికి అందే దారి లేదు. లా కమిషన్ 1999 నివేదికలో ఒకసారి, 2015 నివేదికలో మరోసారి ఈ విషయం చూసింది. పూర్తి ప్రభుత్వ నిధులు ఇప్పటి పరిస్థితుల్లో నడవవని రెండోసారి తేల్చి, పరోక్షంగా వస్తురూపంలో ఇచ్చే రాయితీల వైపే మొగ్గింది.

శాసనసభ, లోక్‌సభ స్థాయిలో కొన్ని రాయితీలు ఇప్పటికే ఉన్నాయి. గుర్తింపు ఉన్న పార్టీలకు దూరదర్శన్‌లో, ఆకాశవాణిలో ఉచిత సమయం, వాటి అభ్యర్థులకు ఉచితంగా ఓటర్ల జాబితా, పార్టీకి విరాళమిచ్చినవాళ్లకు ఆదాయపు పన్నులో మినహాయింపు. ఈ మూడిట్లో ఏదీ పంచాయతీ అభ్యర్థి దాకా దిగిరాదు. ముఖ్యంగా పన్ను మినహాయింపు విషయంలో చందా ఇచ్చేవాళ్లకు తప్పుడు మాట చెప్పకండి. పార్టీకి ఇస్తే వస్తుంది, వ్యక్తిగా నిలబడిన అభ్యర్థికి ఇస్తే రాదు.

బయట దేశాల్లో స్థానిక ఎన్నికలకే ప్రజాధనం ఇచ్చే పద్ధతులు మూడు రకాలుగా కనిపిస్తాయి. న్యూయార్క్ నగరంలో 1988 నుంచీ ఉన్న పద్ధతి: స్థానికుడు ఇచ్చిన చిన్న విరాళానికి నగరం జత కడుతుంది. ఇప్పుడు ఒకటికి ఎనిమిది. కౌన్సిల్ అభ్యర్థికైతే ఒక్కో దాత ఇచ్చినదాంట్లో మొదటి 175 డాలర్లకే ఇది వర్తిస్తుంది, పైగా తన వార్డు నుంచే కనీసం 75 మంది దాతలు, మొత్తం 5,000 డాలర్లు చూపిస్తేనే అర్హత. సియాటిల్‌లో 2017 నుంచి ఇంకో దారి. నగరమే ఒక్కో నివాసికి 25 డాలర్ల కూపన్లు నాలుగు పంపుతుంది, నచ్చిన అభ్యర్థికి ఇచ్చుకోవచ్చు. దానికి సొమ్ము ఆస్తి పన్ను మీద వేసిన సెస్సు లాంటిదాంట్లోంచి వస్తుంది. జపాన్‌లో నగదు మాటే లేదు. ప్రచార వాహనం అద్దె, పోస్టర్లు, కరపత్రాల ఖర్చును పరిమితి మేరకు ప్రభుత్వమే భరిస్తుంది. నగరాలకే ఉన్న ఈ సౌకర్యాన్ని 2020 చట్ట సవరణతో చిన్న పట్టణాలకూ గ్రామాలకూ విస్తరించారు. డిపాజిట్ పోగొట్టుకున్నవాడికి మాత్రం ఆ డబ్బు రాదు, సొంత జేబులోంచే కట్టుకోవాలి. షోకు నామినేషన్లకు అదే పగ్గం.

మన సరిహద్దు ఊళ్లకు మూడిట్లో జపాన్ దారే సరిపోతుందని నా అభిప్రాయం. న్యూయార్క్ పద్ధతికి ప్రతి దాతనూ తనిఖీ చేసే ఆడిట్ యంత్రాంగం కావాలి. కూపన్ ఇస్తే మన దగ్గర అది పోలింగ్ ముందు రాత్రి చేతులు మారుతుంది, అందులో సందేహం లేదు. అదే తహశీల్ కార్యాలయమే ప్రతి అభ్యర్థికీ ఒకే కొలతలో ఒక కరపత్రం మరాఠీలో, తెలుగులో అచ్చువేయించి, మాడియా మాట్లాడే గూడేలకు మైకులో వినిపించే ప్రకటన చేయించి, ప్రెస్సుకూ ఆటోవాడికీ నేరుగా చెల్లిస్తే ఎవరి చేతికీ నగదు తగలదు. ముగ్గురు సర్పంచ్ అభ్యర్థులకు తలా వెయ్యి కరపత్రాలు, ఒక్కో ప్రతి రెండున్నర రూపాయలు అనుకుంటే అయ్యేది 7,500 రూపాయలు. బిల్లులు పెంచి రాయించుకునే బెడద ఉంటుంది, జపాన్‌లోనూ పోస్టర్ల బిల్లులు పెంచిన కేసులు వచ్చాయి. దర ముందే ఖరారు చేస్తే అది చాలావరకు ఆగుతుంది.

ఇక్కడ ఇంకో మాట. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో ఏకగ్రీవమైన పంచాయతీలకు జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల దాకా ప్రోత్సాహకం ప్రకటించారు. అది కూడా ప్రజాధనమే. పోటీ పెరగడానికి ఇవ్వాల్సిన డబ్బును పోటీ లేకుండా చేయడానికి ఇచ్చారు. నది అవతల చుట్టాలు ఇలాంటివి చెప్పగానే మన ఊళ్లోనూ ‘గుడికి ఇంత ఇస్తాం, మమ్మల్ని బిన్‌విరోధ్ (ఏకగ్రీవం) చేయండి’ అనే బేరం మొదలవుతుంది. దాని దగ్గరికి పోవద్దు. నాశిక్ జిల్లా ఉమరాణే, నందుర్బార్ జిల్లా ఖోండామళీ పంచాయతీల్లో పదవులు వేలం వేశారని తేలి 2021 జనవరిలో రాష్ట్ర ఎన్నికల సంఘం ఆ ఎన్నికలనే రద్దు చేసింది. డబ్బు గుడికి పోయినా బడికి పోయినా ఓటుకు ఇచ్చిన ధర కిందే లెక్క.

ఇక తునికాకు డబ్బు. పేసా (ఆదివాసీ ప్రాంతాల పంచాయతీ చట్టం) కింద గ్రామసభ కోష్‌లో (నిధిలో) జమయ్యే వేలం సొమ్ము, 2015 నుంచి వస్తున్న 5 శాతం అబంధ్ (షరతుల్లేని) నిధి, ఆర్థిక సంఘం నిధులు, పంచాయతీ చట్టంలోని సెక్షన్ 57 కింద ఉండే గ్రామనిధి, వీటిలో దేన్నీ ఒక అభ్యర్థి కోసం ముట్టుకోకూడదు. ‘అబంధ్’ అన్నారని ఇష్టమొచ్చినట్టు వాడొచ్చని కాదు. గ్రామసభ మొత్తం చేతులెత్తి ఠరావు (తీర్మానం) చేసినా చెల్లదు. ఠరావు పుస్తకంలో ఆ వాక్యం రాసి సంతకాలు పెట్టారంటే ఎదుటివాళ్లకు సాక్ష్యం మీరే రాసిచ్చినట్టు. కొన్ని ఊళ్లలో తునికాకు బోనస్ పంచే రోజునే కుటుంబానికి ఇంత అని ప్రచారానికి పట్టుకుంటారు. ఇదీ ప్రమాదమే. కూలీకి రావాల్సింది పూర్తిగా చేతికో ఖాతాకో అందాలి, ఆ తర్వాత వేరే రోజున తన ఇష్టంతో ఇస్తే అది చందా.

గ్రామపంచాయతీతో పని ఉన్న కాంట్రాక్టరు, ఇసుక రేవు నడిపేవాడు, తునికాకు వ్యాపారి ఇస్తానంటే మర్యాదగా వద్దనండి. గెలిచాక పంచాయతీ కాంట్రాక్టులో ప్రత్యక్షంగానో పరోక్షంగానో వాటా ఉందని ఎవరైనా ఫిర్యాదు చేస్తే అదే పంచాయతీ చట్టంలోని సెక్షన్ 14 కింద అనర్హత కేసు నడుస్తుంది. అందులో మొదట అడిగేది ఎన్నికప్పుడు ఎవరు డబ్బు పెట్టారనే. విదేశీ పౌరుల నుంచి తీసుకోవద్దు. గల్ఫ్‌లో పనిచేసే మన ఊరి కుర్రాడు భారత పౌరుడే కాబట్టి అతను తన ఇక్కడి ఖాతా నుంచి పంపితే ఇబ్బంది లేదు.

ఖర్చు పరిమితికి వద్దాం. 2017లో సర్పంచ్‌ను నేరుగా ఎన్నుకోవడం మొదలైనప్పుడు రాష్ట్ర ఎన్నికల సంఘం నిర్ణయించిన అంకెలివి: 7, 9 మంది సభ్యులున్న పంచాయతీలో సర్పంచ్ అభ్యర్థికి 50,000, సభ్యుడికి 25,000. 11, 13 మంది ఉంటే సర్పంచ్‌కు 1,00,000, సభ్యుడికి 35,000. 15, 17 మంది ఉంటే సర్పంచ్‌కు 1,75,000, సభ్యుడికి 50,000. జనాభా 1,500 లోపు ఉంటే ఏడుగురు, 3,000 దాకా తొమ్మిది మంది, ఆపైన ప్రతి 1,500కు ఇద్దరు చొప్పున పెరిగి 7,500 దాటితే 17 దగ్గర ఆగుతుంది. మీ ఊరు మొదటి మెట్టులో ఉంది, అంటే ఆ అంకెల ప్రకారం 50,000. 2025లో సంఘం స్థానిక ఎన్నికల పరిమితులు పెంచింది. కాబట్టి మీ ఎన్నికల కార్యక్రమం వెలువడిన రోజున తహశీల్‌లో ఆనాటి పరిమితి ఉత్తర్వు ప్రతి అడిగి తీసుకోండి. సిరోంచ పట్టణం నగర పంచాయతీ, అక్కడివాళ్లు చెప్పే అంకెలు మీకు వర్తించవు.

చెన్నూరు, మహదేవపూర్ వైపు బంధువులు చెప్పే అంకెలు అసలే వర్తించవు. తెలంగాణలో 5,000 లోపు జనాభా ఉంటే సర్పంచ్‌కు 1.5 లక్షలు, ఆపైన 2.5 లక్షలు. లెక్క ఇవ్వడానికి 45 రోజులు. మహారాష్ట్రలో గడువు 30 రోజులే. సరిహద్దు ఊళ్లలో ఈ ఒక్క తేడా తెలియక మునిగేవాళ్లు ఉంటారు.

50,000లో ఎంత అవుతుందో ఒక నమూనా చూద్దాం. ధరలు నేను అనుకున్నవి, మీ దగ్గరి ధరలు పెట్టుకోండి. కరపత్రాలు 1,200, ఒక్కోటి రెండున్నర చొప్పున 3,000. మూడడుగులు నాలుగడుగుల ఫ్లెక్సీలు ఎనిమిది, చదరపు అడుగు 15 చొప్పున ఒక్కోటి 180, మొత్తం 1,440. మైకు కట్టిన ఆటో ఆరు రోజులు, రోజుకు 1,500 చొప్పున 9,000. దూరపు గూడేలకు జీపు రెండు రోజులు, 6,000. చాయ్, ఫరాళ్ (ఫలహారం) పది రోజులు, రోజుకు 600 చొప్పున 6,000. కండువాలు 200, ఒక్కోటి 20 చొప్పున 4,000. నమూనా బ్యాలెట్లు వెయ్యి, 1,500. చివరి సభకు మండపం, కుర్చీలు, మైకు 5,000. పోలింగ్ నాటి ఏజెంట్ల భోజనం 1,500. మొత్తం 37,440. మిగిలే 12,560 మీ అదనపు ఖర్చు కోసం కాదు, దర పట్టికలో వచ్చే తేడా కోసం ఉంచుకోండి.

దర పట్టిక అంటే ఏమిటంటే, చాయ్ కప్పు నుంచి మండపం దాకా ఒక్కో వస్తువుకు అధికారులు ఒక ధర కట్టి ‘దరసూచి’ ఇస్తారు. మీ బిల్లులో ఆటోకు 1,000 ఉండి దరసూచిలో 1,500 ఉంటే మీ లెక్కలో 1,500 వేస్తారు. అభ్యర్థి అన్న తన జీపును ఉత్తినే ఇచ్చినా దానికి రోజు అద్దె దరసూచి ప్రకారం ఖర్చులో చేరుతుంది. స్నేహితుడు మండపం ఫ్రీగా వేసినా అంతే. అందుకే ముందు దరసూచి తెచ్చుకుని, దాని ప్రకారం బడ్జెట్ వేసుకుని, తర్వాత బేరమాడండి. దీన్ని తిరగేసి చేస్తే చివరి మూడు రోజుల్లో పరిమితి దాటిపోయి ఏ బిల్లు దాచాలా అని చూసుకోవాల్సి వస్తుంది.

చందా సంగతి. నామినేషన్ వేయడానికి ముందే అభ్యర్థి పేర ఎన్నిక కోసం విడిగా బ్యాంకు ఖాతా తెరవాలి. బచత్ గట్ ఖాతా పనికిరాదు, ఉపాధిహామీ కూలి పడే పాత ఖాతా కూడా పనికిరాదు. ఎన్నికల ప్రకటన వచ్చాక బ్యాంకులో ఒక్కసారిగా రద్దీ ఉంటుంది కాబట్టి వారం పది రోజుల ముందే వెళ్లండి. మన వైపు ప్రత్యేకంగా వచ్చే చిక్కు పేరు. ఆధార్‌లో తెలుగు ఉచ్చారణకు ఇంగ్లిష్ స్పెల్లింగ్ ఒకటి, ఓటర్ల జాబితాలో మరాఠీలో ఇంకొకటి, ఇంటిపేరు ఒకదాంట్లో ముందు, ఇంకోదాంట్లో వెనక, పెళ్లయినామెకు భర్త పేరు మధ్యలో. ఖాతా పుస్తకం మీద పేరు, నామినేషన్‌లో పేరు ఒకటే అయ్యేలా ముందే సరిచేయించండి. చివర్లో లెక్క ఇచ్చేటప్పుడు గుమాస్తా ఆపేది ఇక్కడే.

చందా యూపీఐలో అయితే నేరుగా ఆ ఖాతాకే రావాలి. యువక మండలి కోశాధికారి ఫోన్‌పేకు వచ్చి, అక్కడ నుంచి ఆటోవాడికి పోయిందంటే చట్టం దృష్టిలో ఆ ఖర్చు కోశాధికారిది, అభ్యర్థిది కాదు. నగదు వస్తే నంబరు వేసిన రసీదు పుస్తకం పెట్టండి: తేదీ, ఇచ్చినవాళ్ల పేరు, ఊరు, మొత్తం, సంతకం లేదా వేలిముద్ర. ఆ రోజు కూడినది మర్నాడు బ్యాంకులో పడాలి. బ్యాంకు దూరం అనుకుంటే రెండు రోజులకు ఒకసారైనా వేయండి, ఏ రసీదు నంబరు నుంచి ఏ నంబరు దాకా అనేది జమ చీటీ వెనక రాయండి. ధాన్యంగా, కోడిగా, మేకగా ఇచ్చేవాళ్లు ఉంటారు. వాటిని అమ్మి డబ్బు జమచేయొచ్చు, భోజనానికి వాడితే వాటి ధర ఖర్చులో రాయాలి.

మొత్తం చందా 50,000 దగ్గర ఆపేయండి. దీనికి కారణం రెండు. ఒకటి పరిమితి. రెండోది ఆదాయపు పన్ను: బంధువులు కానివాళ్ల నుంచి ఒక ఆర్థిక సంవత్సరంలో ఉత్తగా వచ్చిన డబ్బు 50,000 దాటితే దాటిన భాగం కాదు, మొత్తం ఆదాయం కింద లెక్కకు వస్తుంది. పన్ను కట్టాల్సినంత ఆదాయం ఆమెకు లేకపోవచ్చు, కానీ నోటీసు వస్తే తిరగాల్సింది ఆమే.

చెల్లింపులు వీలైనంతవరకు ఖాతా నుంచే. శాసనసభ ఎన్నికల్లో ఒకే వ్యక్తికి నగదుగా 10,000 మించి ఇవ్వకూడదని కేంద్ర ఎన్నికల సంఘం నియమం ఉంది. దాన్నే మీరూ గీతగా పెట్టుకోండి. పక్క రాష్ట్రంలో ఎన్నికల కోడ్ ఉన్న రోజుల్లో వంతెన దాటేటప్పుడు 50,000 పైన నగదుతో వెళ్లకండి. వెళ్లాల్సి వస్తే బ్యాంకు విత్‌డ్రా చీటీ జేబులో ఉండాలి.

ఇప్పుడు అందరూ తేలిగ్గా తీసుకునే నేరం ఒకటి. అభ్యర్థి రాతపూర్వక అనుమతి లేకుండా వేరేవాళ్లు ఆమె కోసం ఖర్చు పెట్టడం భారతీయ న్యాయ సంహితలోని సెక్షన్ 176 కింద శిక్షార్హం, జరిమానా 10,000 దాకా. పాత శిక్షాస్మృతిలో ఇది 500 ఉండేది. అనుమతి లేకుండా పది రూపాయల లోపు ఖర్చు పెట్టి, పది రోజుల్లో అభ్యర్థి దగ్గర రాయించుకుంటే మాఫీ అని ఒక మినహాయింపు ఉంది. పది రూపాయలంటే ఈరోజు ఒక చాయ్, అదీ సగం గ్లాసు. ఖర్చు లెక్క అసలు పెట్టకపోతే సెక్షన్ 177, 5,000 దాకా జరిమానా. కాబట్టి యువక మండలిలో ఖర్చు పెట్టబోయే ఒకరిద్దరి పేర్లతో అభ్యర్థి ఒక కాగితం రాసివ్వాలి: ఫలానావారు ఫలానా పనికి ఇంత వరకు నా తరఫున ఖర్చు పెట్టవచ్చు, తేదీ, సంతకం. మిగతావాళ్లు ఉత్సాహంగా వేసే ఫ్లెక్సీ, పుట్టినరోజు శుభాకాంక్షల బ్యానరు, స్టేటస్ వీడియోకు కట్టిన డబ్బు, అన్నీ ఎదుటివాళ్లు ఫొటో తీసి పంపేవే.

సర్పంచ్‌తోబాటు ఏడుగురు సభ్యుల పానెల్ నిలబెడితే లెక్క ఇంకా జాగ్రత్తగా వేయాలి. సర్పంచ్ 50,000, ఏడుగురికి తలా 25,000, మొత్తం 2,25,000 అని కలిపి ఒక సంచిలో పెట్టేస్తుంటారు. పరిమితి ఎవరిది వాళ్లకే, ఒకరి మిగులు ఇంకొకరికి పోదు. ఎనిమిది మంది ఫొటోలున్న కరపత్రం 4,000 అయితే తలా 500 చొప్పున ఎనిమిది లెక్కల్లో కనిపించాలి. తేలికైన పద్ధతి: ప్రెస్సు దగ్గరే ఎనిమిది బిల్లులు విడివిడిగా అడగడం. ఒకే బిల్లు వస్తే దాని ఎనిమిది నకళ్ల మీద ‘ఇందులో నా వాటా 500’ అని రాసి ఒక్కొక్కరి సంతకం పెట్టించండి. సభలో మైకు, మండపం ఖర్చూ ఇలాగే. ఒక సభ్యుడి వార్డులో మాత్రమే తిరిగిన ఆటో ఖర్చు ఆ సభ్యుడిది, అందులో సర్పంచ్ అభ్యర్థి ప్రచారం కూడా వినిపిస్తే ఇద్దరిదీ.

సమయం చాలా తక్కువ. 2021 జనవరి ఎన్నికల్లో ఉపసంహరణ, గుర్తుల కేటాయింపు 4న జరిగితే పోలింగ్ 15న. గుర్తు రాకముందు కరపత్రం అచ్చువేస్తే చిత్తుకాగితం. ముందుగా మాటర్ టైపు చేయించి, గుర్తు స్థలం ఖాళీ పెట్టి, కేటాయింపు రోజు సాయంత్రమే ప్రెస్సుకు పంపండి. తెలుగు అచ్చు కోసం నది దాటి కాళేశ్వరం వైపో మంచిర్యాలకో పోవడం మామూలే, తప్పు లేదు. కానీ కరపత్రం అడుగున ముద్రించినవారి పేరు, ప్రచురించినవారి పేరు, ఎన్ని ప్రతులన్నది ఉండాలి, బిల్లులో అదే సంఖ్య ఉండాలి. అక్కడి ప్రెస్సులు బిల్లు తెలుగులో రాస్తాయి. లెక్క చూసే గుమాస్తాకు తెలుగు రాదు. వస్తువు పేరు, పరిమాణం మరాఠీలోనో ఇంగ్లిష్‌లోనో కూడా రాయించండి. చిల్లర కొట్టువాడి దగ్గర అచ్చు బిల్లు ఉండదు. తెల్లకాగితం మీద తేదీ, సరుకు, ధర, అతని సంతకం, ఫోను నంబరు చాలు, బిల్లే లేకపోవడం కంటే అది నయం.

రిజిస్టరు రోజూ రాత్రి రాయండి, నామినేషన్ వేసిన రోజు నుంచి ఫలితం వచ్చిన రోజు దాకా. ఎడమ పేజీ జమ, కుడి పేజీ ఖర్చు. ఒక పంక్తి ఇలా ఉండాలి: ‘8 జనవరి, మైకు ఆటో, ఉదయం 8 నుంచి సాయంత్రం 6, రోజు అద్దె 1,500, బిల్లు నం. 14, ఖాతా నుంచి.’ ఖర్చు లేని రోజు ‘నిరంక్’ (ఏమీ లేదు) అని రాయండి, పేజీ ఖాళీ వదలొద్దు. రాష్ట్ర ఎన్నికల సంఘం వారి ‘ట్రూ ఓటర్’ యాప్‌లో రోజువారీ ఖర్చు ఎక్కించాలి. లోపలి గూడేల్లో సిగ్నల్ దొరకదు కాబట్టి ఆ పని సిరోంచలో ఉండే ఒకరికి అప్పజెప్పి, రోజూ రాత్రి ఫోనులో అంకెలు చెప్పండి. యాప్‌లో అంకె, రిజిస్టర్లో అంకె, ఖాతా పుస్తకంలో అంకె మూడూ కలవాలి.

ఫలితం వచ్చిన రోజు నుంచి 30 రోజుల్లోపు మొత్తం లెక్క తహశీల్‌లోని ఎన్నికల విభాగంలో ఇవ్వాలి. 2021లో 18 జనవరిన ఫలితాలొచ్చినవాళ్లకు ఆఖరి రోజు 17 ఫిబ్రవరి. తెలంగాణ 45 రోజుల లెక్కన 4 మార్చి దాకా ఆగినవాళ్లు గడువు దాటినట్టే. గ్రామపంచాయతీ చట్టంలోని సెక్షన్ 14బి ప్రకారం సరైన కారణం లేకుండా లెక్క ఇవ్వకపోతే ఐదేళ్ల అనర్హత. గెలిచినవాళ్ల పదవి పోతుంది, ఓడినవాళ్లు వచ్చేసారి నిలబడలేరు. ఓడాక ఎవరికీ లెక్క రాయాలన్న ఓపిక ఉండదు, బిన్‌విరోధ్ గెలిచినవాళ్లు మాకేం ఖర్చయింది అంటారు. ఇద్దరూ ఇవ్వాల్సిందే, ఖర్చు సున్నా అయినా సున్నా అని రాసివ్వాలి. అనర్హత తొలగించే, తగ్గించే అధికారం సంఘానికి ఉంది గానీ దానికి ఆధారాలతో కారణం చూపాలి. ‘తెలియదు’ అంటే కారణం కాదు, ఆసుపత్రి కాగితం కారణం అవుతుంది.

ఇచ్చేటప్పుడు రిజిస్టరు, బిల్లులు, ఖాతా పుస్తకం నకలు, ఫారంలో అడిగిన మిగతా కాగితాలు కలిపి రెండు కట్టలు చేయండి. ఒకటి అక్కడ ఇచ్చి, రెండోదాని మొదటి పేజీ మీద ఆవక్ (వచ్చిన కాగితాల నమోదు) నంబరు, తేదీ, ముద్రతో పోచ్ (అందినట్టు రసీదు) తీసుకోండి. పానెల్ మొత్తం తరఫున ఒక్కరే వెళ్లి ఎనిమిది కట్టలు ఇచ్చినా పోచ్‌లు ఎనిమిది ఉండాలి. ముద్ర లేకుండా ‘పెట్టి పో, చూస్తాం’ అంటే కదలొద్దు. రిజిస్టర్డ్ పోస్టులో ఇంకో నకలు పంపి ఆ రసీదు దాచుకోండి. ఆ కాగితాలు ఐదేళ్లూ ఆమె ఇంట్లోనే ఉండాలి, మండలి కార్యాలయంలో కాదు.